చేతి మాట, నోటి మాట

మా టీచర్ గారికి వారంలో బుధవారం రెండుసార్లు వచ్చేది. ఒకటి చేతికి, ఒకటి నోటికి. పొద్దున పూట ఇంగ్లీషు బుధవారాన్ని నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో రాసి, "వెడ్... నెస్... డే" అని మూడు ముక్కలుగా విరిచి, ఒక్కో ముక్కకీ అరచేతిలో పిడికిలితో గుద్దుతూ చదివించేవారు. ఏ అక్షరాన్నీ వదలడానికి వీల్లేదు. అది చేతి మాట, అంటే చెయ్యి తప్పు లేకుండా రాయడానికి పనికొచ్చే మాట. మధ్యాహ్నం అన్నాలు తిని మేం తిరిగొచ్చి కూర్చున్నాక, "అందరూ చేతులు కడుక్కున్నారా? అయితే ఇప్పుడిక నోటి పని" అనేవారు. బల్ల మీద అదే మాట. ఈసారి మొదటి డి మీదా, నడుమ ఉన్న ఇ మీదా ఎడమచేతి వేళ్ళు అడ్డం పెట్టి, పసిపిల్లల్ని ఊరుకోబెట్టినట్టు "ఉష్" అనేవారు. మిగిలింది చదవమనేవారు. "వెన్‌జ్‌డే" అని నలభై గొంతులు లేచేవి. అది నోటి మాట.

రోజుకి పది మాటలు. పొద్దున కత్తిని "కె-నైఫ్" అని, మధ్యాహ్నం "నైఫ్" అని. పొద్దున వినడాన్ని "లిస్-టెన్" అని, మధ్యాహ్నం "లిసన్" అని. నాలుగో తరగతిలోనూ ఐదో తరగతిలోనూ రెండేళ్ళు ఇదే వరస. బయటి వాళ్ళెవరైనా పొద్దున పూట మా బడి పక్కనుంచి పోతే, ఈ పిల్లలకి పిచ్చిగానీ పట్టిందా అనుకునేవారు. మధ్యాహ్నం పూట పోయినవాళ్ళు, కొల్లేటి గట్టు మీద ఇంత శుభ్రమైన ఇంగ్లీషా అని నిలబడి వినేవారు. ఆ రెండేళ్ళూ నాకు నేర్పిన ఇంగ్లీషుతోనే నేను ఇరవై ఎనిమిదేళ్ళుగా జీతం తీసుకుంటున్నాను. ఈ ఒక్క వాక్యం నేను చెప్పాల్సిన చోట చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

పోయిన నెలలో మా ఊరి చర్చి పాస్టరు గారు ఏలూరులో ఉన్న నాకు ఫోన్ చేశారు. "టీచర్ గారు ప్రభువు నందు నిద్రించారండీ. ఆదివారం జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాం. మీరు వచ్చి రెండు మాటలు మాట్లాడాలండీ. ఆవిడ శిష్యుల్లో ఇంగ్లీషులో పైకొచ్చినవారు మీరే గదండీ" అన్నారు. తప్పకుండా వస్తానండీ అన్నాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఆ కుర్చీలోంచి లేవలేకపోయాను. దుఃఖం కాదు. దుఃఖమైతే బాగుండేది.

ఆవిడ పొట్టి మనిషి. నేత చీర, చంకలో నల్ల గొడుగు, భుజానికి ఖాకీ గుడ్డ సంచి. ఆ సంచిలో అట్టలు ఊడిపోయిన పాత ఇంగ్లీషు నిఘంటువు ఒకటి ఉండేది. ఎవరో దొరసాని వెళ్ళిపోతూ ఆవిడ తల్లికిచ్చిన పుస్తకమట. దానికి సిమెంటు సంచి కాగితంతో అట్ట వేసి, ప్రతి జూన్‌లో కొత్త అట్ట మార్చేవారు. మాట పక్కన చిన్న అక్షరాల్లో ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో, పూర్వం ఎలా పలికేవారో అందులో రాసి ఉండేది. ఆవిడకి అర్థాల కంటే ఆ చిన్న అక్షరాలే ఇష్టం. చదువుతూ చదువుతూ తనలో తను నవ్వుకునేవారు, పక్కింటి వాళ్ళ సంగతులు విన్నట్టు.

పలకని అక్షరాలు రెండు రకాలని చెప్పేవారు. కత్తిలో కె లాంటివి పెన్షనర్లు. "ఒకప్పుడు పనిచేశారు నాన్నా. ఆ దేశంలో వాళ్ళు నిజంగానే కె-నైఫ్ అనేవారు. రాత్రిని నైట్ అంటాం గదా, అందులో జి, హెచ్ ఉన్నాయి చూడు, అక్కడ గొంతులోంచి ఖ్ అనే చప్పుడొచ్చేది. తర్వాత నోళ్ళు బద్ధకించాయి. వాళ్ళకి రిటైర్మెంటు ఇచ్చారు. అయినా ఇంట్లో వాళ్ళ పీట తియ్యలేదు. మనం రాసేటప్పుడు ఆ పీట వెయ్యాలి" అనేవారు.

రెండో రకం సిఫారసు మీద చేరినవాళ్ళు. ఇది నా ప్రశ్నతో మొదలైంది. మా బడిలో సగం మంది లంక పిల్లలు, వానాకాలంలో పడవ మీద వచ్చేవాళ్ళు. లంకని ఇంగ్లీషులో ఏమంటారో నేర్పుతూ పొద్దున "ఇస్-లాండ్", మధ్యాహ్నం "ఐలండ్" అని పలికించారు. "అయితే ఇందులో ఎస్ కూడా పెన్షనరేనాండీ?" అని అడిగాను. టీచర్ గారు చాక్‌పీసు పక్కన పెట్టి నా దగ్గరికి వచ్చి తల నిమిరారు. "కాదు నాన్నా. ఈయన ఒక్క రోజు కూడా పని చెయ్యలేదు. పెద్ద చదువులు చదివిన వాళ్ళెవరో, ఈ మాట లాటిన్ వాళ్ళ ఇంటిదనుకుని, వాళ్ళ ఇంటిపేరు దీనికి తగిలించారు. తీరా చూస్తే ఆ ఇంటిది కాదు. తప్పని తెలిశాక కూడా తియ్యలేదు. పెద్దవాళ్ళు చేసిన తప్పు గదా, అలాగే ఉండిపోయింది" అన్నారు. ఆ రోజు తరగతిలో నాకంటే గొప్పవాడు లేడనిపించింది నాకు. ఆవిడ చెయ్యి తల మీద పడటమంటే మాకు పండగ.

మరి ఎలా పలుకుతారో అలాగే రాసుకోవచ్చు గదా అని మాలో ఎవరో ఒకరు ఏడాదికోసారి అడిగేవాళ్ళం. ఆవిడ కిటికీలోంచి బయటికి చూపించేవారు. బడి వెనక చేలు, చేల తర్వాత నీళ్ళు. "అక్కడ హద్దురాళ్ళు చూళ్ళేదూ మీరు? ఒక ఏడు నీళ్ళలో ఉంటాయి, ఒక ఏడు చేలో ఉంటాయి. అచ్చు వేసేవాళ్ళు వచ్చిన కొత్తలో మాటలకి అలాంటి రాళ్ళు పాతేశారు. తర్వాత నోళ్ళు కదిలిపోయాయి. రాయి అబద్ధమాడిందా? పాతిన రోజున నిజమే."

మా నాన్నగారికి ఇవేవీ పట్టవు. మాది వరి చేలున్న ఇల్లు. టీచర్ గారు నా చదువు సంగతి మాట్లాడటానికి వస్తే వీధరుగు మీద కుర్చీ వేయించేవారు, గౌరవంగానే మాట్లాడేవారు, మంచినీళ్ళు వేరే గ్లాసులో వచ్చేవి. ఆవిడ తాగి, గ్లాసు తనే కడిగి అరుగు చివర బోర్లించి వెళ్ళేవారు. నేను అది రోజూ చూసే సంగతిలాగే చూశాను. ఇక్కడ ఎందుకు రాస్తున్నానంటే, తర్వాత నేను చేసిన దాంట్లో ఆ గ్లాసు వాటా కూడా ఎంతో కొంత ఉందేమోనన్న అనుమానం నన్ను వదల్లేదు కాబట్టి.

నేను ఏలూరులో డిగ్రీ, ఆ పైన టీచరు చదువు చదివి ఉద్యోగంలో చేరాను. ఇంగ్లీషు బాగా మాట్లాడతానని పేరొచ్చింది. ఆ పేరు మీద నగరంలో ఆరు వారాల ఉచ్చారణ శిక్షణకి పంపారు. అక్కడ చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, నాలుక ఎక్కడ పెట్టాలో బొమ్మల్లో చూపించారు. తిరిగొచ్చేసరికి నాకు రెండు కొమ్ములు మొలిచాయి. బడిబడికీ తిరిగి మిగతా టీచర్ల ఇంగ్లీషు ఎలా ఉందో చూసే పని ఇచ్చారు. బస్సులో పక్కవాడు "ఫిలిం"ని "ఫిలుం" అంటే మొహం చిట్లించేవాణ్ణి. మా ఆవిడ "కాఫీ తాగుతారా" అంటే, ఆ కాఫీలో ఫ సరిగ్గా లేదన్నాను ఒకసారి. ఆవిడ ఆ రోజంతా కాఫీ ఇవ్వలేదు. అప్పుడైనా బుద్ధి రాలేదు.

పన్నెండేళ్ళో పదమూడేళ్ళో అయింది. నగరం నుంచి ఒక పరిశీలకుడు గారు వచ్చారు. ఆయన్ని కారులో వెంటబెట్టుకుని ఒక్క రోజులో మూడు బడులు చూపించాలి. మూడో బడి హెడ్‌మాస్టరు గారు మధ్యాహ్నం కొర్రమీను పులుసు చేయించి ఉంచుతామని ముందే కబురు పెట్టారు. రెండో బడి టీచర్ గారిది. అప్పటికి ఆవిడ మా ఊరి నుంచి బదిలీ అయి, కొల్లేటి ఒడ్డునే ఇంకో ఊళ్ళో చేస్తున్నారు. ఆ ఊరి పేరు రాయను. మేం వెళ్ళేసరికి పదకొండు గంటలయింది. అంటే చేతి మాట నడుస్తోంది.

గుమ్మంలోకి అడుగు పెట్టేసరికి పిల్లలు అరచేతుల్లో గుద్దుతూ "వెడ్-నెస్-డే" అంటున్నారు. తర్వాత "కె-నైఫ్". తర్వాత "ఇస్-లాండ్". పరిశీలకుడు గారు నా వంక చూశారు. ఆయన మొహం ముందు ఎర్రబడింది, తర్వాత నవ్వు తన్నుకొచ్చింది. జేబురుమాలు తీసి నోటికి అడ్డం పెట్టుకున్నారు గానీ భుజాలు కుదుపుతూనే ఉన్నాయి. పిల్లలు చూశారు. టీచర్ గారూ చూశారు.

నేను కూడా నవ్వాను.

నాకు నవ్వు రాలేదు. ఆ గదిలో టీచర్ గారూ పిల్లలూ కాక, ఆ పద్ధతేమిటో, మధ్యాహ్నం ఏం జరగబోతోందో తెలిసిన మనిషిని నేనొక్కణ్ణే. "ఇది సగమేనండీ, మిగతా సగం అన్నాలయ్యాక ఉంటుంది, నేను కూడా ఇలాగే నేర్చుకున్నాను" అని చెప్పడానికి పట్టేది పది సెకన్లు. ఆ పది సెకన్లలో నేను పళ్ళికిలించాను.

టీచర్ గారు నన్ను గుర్తుపట్టారు. గుర్తుపట్టినట్టు ఆయన ముందు చెప్పలేదు. నన్ను నాన్నా అని పిలిచిన మనిషి, "రండి సార్, కూర్చోండి" అని ఇద్దరికీ కుర్చీలు వేయించారు. పాఠం ఆపలేదు. పదో మాట అయ్యాక నా దగ్గరికి వచ్చి, మెల్లగా, "మధ్యాహ్నం దాకా ఉంటారాండీ? నోటి మాట కూడా వింటే బాగుంటుంది గదండీ" అన్నారు. ఆ కళ్ళల్లో నమ్మకం ఉంది. వీడు మనవాడు, చెప్తాడులే అన్న నమ్మకం.

"టైము లేదండీ. ఇంకో బడి చూడాలి" అన్నాను.

కారులో పరిశీలకుడు గారు ఇంకా కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నారు. "ఇలాంటి నమూనాలు ఇంకెన్ని ఉన్నాయండీ మీ జిల్లాలో? మీరెక్కడ చదువుకున్నారు?" అన్నారు. "ఏలూరులో అండీ" అన్నాను. అబద్ధం కాదు, డిగ్రీ అక్కడే. "అదీ, అందుకే మీది బాగుంది" అన్నారాయన. ఆ మెప్పు నాకు తియ్యగా ఉంది. ఉన్నది ఉన్నట్టు రాయాలంటే, చాలా తియ్యగా ఉంది.

ఫారం నింపాల్సింది నేనే. చివర్లో వ్యాఖ్యకి నాలుగు గీతలున్నాయి. ఈ టీచరు తప్పు ఉచ్చారణని పిల్లలకి అంటిస్తున్నారనీ, ఇంగ్లీషు బోధన నుంచి తప్పించడం మంచిదనీ రాశాను. మంచి ఇంగ్లీషులో రాశాను. ఒక్క స్పెల్లింగు తప్పలేదు. ఎందుకు తప్పుతుంది? రాస్తున్న చెయ్యి ఆవిడ దిద్దినదే గదా. కొర్రమీను పులుసు బాగుందని ఆ రోజు రెండోసారి వేయించుకున్నాను కూడా.

నెల తిరక్కుండానే ఆవిణ్ణి ఇంగ్లీషు నుంచి తప్పించి రెండో తరగతి తెలుగు ఇచ్చారు. ఆ సంగతి ఆఫీసులో కాగితం చూస్తే తెలిసింది. కాగితం మడిచి ఫైల్లో పెట్టేశాను.

తర్వాత రెండేళ్ళకి ఒక సాయంత్రం తాడేపల్లిగూడెం స్టేషన్లో ఆవిడ కనిపించారు. ఏలూరు వైపు పాసింజరు కోసం నేనూ, ఆవిడా. ప్లాట్‌ఫారం మీద ఉల్లిపాయల బస్తాల పక్కన బెంచీ మీద కూర్చుని ఉన్నారు. చూడనట్టు అవతలికి పోదామనుకున్నాను. ఆవిడే పిలిచారు.

"ఏవండీ సార్, ఇలా రండి."

"నన్ను మీరనకండి టీచర్ గారండీ."

"ఆఫీసరు గదండీ ఇప్పుడు మీరు" అని నవ్వి, పక్కన సంచి తీసి నాకు చోటిచ్చారు. ఎలా ఉన్నారని అడిగితే, రెండో తరగతి తెలుగు చెప్తున్నానన్నారు. "బాగానే ఉందండీ. మన తెలుగులో పెన్షనర్లు ఉండరు గదండీ, అక్షరాలన్నీ డ్యూటీలోనే ఉంటాయి. ఒక్క బండి ఱ తప్ప. ఆయన ఎప్పుడొస్తాడో, ఎప్పుడు పోతాడో ఎవరికీ తెలీదు." తన మాటకి తనే పైట చెంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఇప్పుడు చెప్పెయ్యాలి అనుకున్నాను. ఆ రాసింది నేనేనండీ అని.

ఈలోగా ఆవిడ సంచిలోంచి చిన్న నోటుపుస్తకం తీశారు. "మీ ట్రైనింగుల్లో 'తరచుగా' అనే మాటని ఇప్పుడు ఏమంటున్నారండీ? ఆఫెన్ అంటున్నారా, ఆఫ్-టెన్ అంటున్నారా? నా చిన్నప్పుడు టి పలికితే మా టీచర్ వేళ్ళ మీద కొట్టేదండీ. మొన్న మా పక్కింటావిడ కువైట్ నుంచి వచ్చింది. అక్కడ ఆవిడ పనిచేసే ఇంటికి వచ్చిపోయే తెల్లావిడ ఎంచక్కా టి పలుకుతుందంట."

"రెండూ అంటున్నారండీ. టి పలికేవాళ్ళు పెరిగారు."

ఆవిడ మొహం ఎలా వెలిగిందో నేను చెప్పలేను. "అయితే రిటైరైనాయన మళ్ళీ వచ్చి జాయినయ్యాడన్నమాట! ఎన్ని వందల ఏళ్ళ తర్వాతండీ! రాతలో ఆయన పీట తియ్యలేదు గాబట్టి, పిల్లలు పుస్తకంలో చూసి మళ్ళీ పిలుచుకొచ్చేశారు" అని, నోటుపుస్తకంలో ఆ మాట రాసుకుని, పక్కన తేదీ వేసి, ఎవరు చెప్పారో నా పేరు రాసుకున్నారు. నా పేరు పక్కన గారు అని కూడా రాశారు.

రైలు వస్తోందని మైకులో చెప్పారు. ఆవిడ లేచి గొడుగు చంకలో పెట్టుకుని, "ఆ రోజు మీరు మధ్యాహ్నం దాకా ఉండాల్సిందండీ. పిల్లలు మీకు నోటి మాట వినిపిద్దామని అన్నాలు గబగబా తినేసి వచ్చి కూర్చున్నారు" అన్నారు. అంతే అన్నారు. ఎవరు రాశారో ఆవిడకి తెలుసో తెలియదో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆవిడ ఆడవాళ్ళ పెట్టె వైపు నడిచారు. నేను ఇంకో పెట్టె ఎక్కాను. రైలు సమయానికి వచ్చినందుకు సంతోషించిన వాడు ఆ ప్లాట్‌ఫారం మీద నాకంటే ఇంకొకడు ఉండడు.

ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను. ఆ తర్వాత కొన్నాళ్ళకి ఏలూరులోనే మాకొక శిక్షణ జరిగింది. చురుకైన ఒక అమ్మాయి వచ్చి, స్పెల్లింగు గుర్తుండాలంటే మాటని రాసినట్టే విరిచి ఒకసారి, పలికేటట్టు ఒకసారి చదివించాలని, పెద్ద తెర మీద రంగు రంగుల బొమ్మలతో చూపించింది. మొదటి ఉదాహరణ బుధవారమే. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. తలొంచుకుని నోట్సు కూడా రాసుకున్నాను.

ఆదివారం జ్ఞాపకార్థ కూడికకి వెళ్ళాను. చర్చి ముందు షామియానా వేశారు. టీచర్ గారి ఫొటోకి మల్లెపూల దండ వేసి, ముందు కొవ్వొత్తులు పెట్టారు. నన్ను పాస్టరు గారి పక్కన కూర్చోబెట్టి, ఈ సారు గారి పేరు టీచర్ గారు ఎక్కడికెళ్ళినా చెప్పుకునేవారని పరిచయం చేశారు. లేచి మాట్లాడాను. పది నిమిషాలు అనుకుని ఇరవై నిమిషాలు మాట్లాడాను. పెన్షనర్ల సంగతి చెప్తే నవ్వారు, హద్దురాళ్ళ సంగతి చెప్తే కొంతమంది కళ్ళు తుడుచుకున్నారు. ఆ ఫారం దగ్గరికి వచ్చేసరికి నోరు దానంతటదే పక్కదారి పట్టింది. "అలాంటి గురువులు అరుదు" అని ముగించి కూర్చున్నాను. బాగా మాట్లాడారండీ అని పాస్టరు గారు చెయ్యి నొక్కారు. ఆ చెయ్యి ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

భోజనాలకి వరసగా బల్లలు వేశారు. నా వరసలో అన్నం వడ్డిస్తున్న అమ్మాయికి ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళుంటాయి. నా దగ్గర ఆగి, "మీరు చెప్పింది నిజమేనండీ. ఆ చేతి మాట, నోటి మాట మాక్కూడా చెప్పారండీ. మేం ఆ ఊరేనండీ" అంది. టీచర్ గారు బదిలీ మీద వెళ్ళిన ఊరు.

"ఏ తరగతిలో అమ్మా?"

"నాలుగులో అండీ. మాకు సగంలో మానిపించేశారు. ఆవిడ ఇంగ్లీషు తప్పని పైవాళ్ళు ఎవరో రాశారంటండీ. తర్వాత కుర్ర సారొకాయన వచ్చారు. ఇవన్నీ పిచ్చి, మాటలు బట్టీ పట్టండన్నారు. అక్కణ్ణుంచి నాకు స్పెల్లింగు కుదర్లేదండీ. పదిలో ఇంగ్లీషు రెండుసార్లు పోయింది. నర్సు చదువుదామనుకున్నానండీ, కుదర్లేదు. రొయ్యల షెడ్డులో చేస్తన్నాను." ఏ బాధా లేకుండా, వేరే ఎవరి కథో చెప్తున్నట్టు చెప్పింది. ఇంకో గరిటె అన్నం వేసి, "మీరు ఆఫీసులోనే ఉండేవారంట గదండీ. అలా రాసింది ఎవరో మీకు తెలుసాండీ?" అంది.

ఊరికే అడిగింది. తెలియదమ్మా అంటే సరిపోయేది. పక్కవాళ్ళు పప్పు కోసం పిలుస్తున్నారు. కారులో "ఏలూరులో అండీ" అన్న నోరే ఇదీను. తెలియదన్న జవాబు నాలుక చివరిదాకా వచ్చింది.

"నేనేనమ్మా" అన్నాను.

ఆమెకి వెంటనే అర్థం కాలేదు. "ఏంటండీ?" అంది.

"అలా రాసింది నేనే. నేను కూడా ఆవిడ దగ్గర అలాగే నేర్చుకున్నాను. మధ్యాహ్నం మీకు నోటి మాట చెప్తారని నాకు తెలుసు. తెలిసే రాశాను."

గరిటెని అన్నం బకెట్లో పెట్టి నిలబడింది. కోపం రాలేదు ఆమె మొహంలో. వస్తే తిట్టేది, నేను పడేవాణ్ణి. నా మొహంలోకి చూస్తూ, నిజంగా తెలుసుకోవాలన్నట్టు, మా వైపు వాళ్ళు పెద్దవాళ్ళని అడిగే మర్యాదతోనే అడిగింది.

"ఎందుకండీ?"

ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారేమోనని ఇన్నేళ్ళుగా నా దగ్గర చాలా జవాబులు సిద్ధంగా ఉన్నాయి. పై నుంచి వచ్చిన ఒత్తిడి. ఫారంలో ఉన్న ప్రశ్నలు. కాలంతో పాటు మారాల్సిన బోధన. వాటిలో ఒక్కటీ ఆమె ముందు నోట్లోంచి రాలేదు. వెతికితే అడుగున ఒకటే మిగిలింది.

"నా పక్కనున్నాయన నవ్వాడమ్మా."

"అంతేనాండీ?" అంది.

"అంతే" అన్నాను.

ఆమె బకెట్టు తీసుకుని పక్క విస్తరి దగ్గరికి వెళ్ళింది.